తాతయ్య ఇప్పుడెక్కడున్నారు? – పరలోకం మీద నమ్మకం, దాని పుట్టుక, దాని బలాబలాలు

(కోవెంట్రీలో కమ్యూనిటీ రేడియో తెలుగు కార్యక్రమం కోసం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



ఈవారం మాట్లాడబోయేది పండగపూట ఎవరూ ఎత్తని విషయం. మనిషి పోయాక ఏమైనా మిగులుతుందా? మిగులుతుందన్న నమ్మకం ఎలా పుట్టింది? అందులో నిజమెంత?

ఈ ప్రశ్న మనలాంటివాళ్ళకి కాస్త వేరే రకంగా ఎదురవుతుంది. ఊళ్ళో అయితే చావు మన ఇంట్లోనో పక్కింట్లోనో జరుగుతుంది. పిల్లలు పాడె చూస్తారు, పదోరోజు చూస్తారు, కాకికి పెట్టిన ముద్ద చూస్తారు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోయినా కొంత అర్థమవుతుంది. ఇక్కడ అర్ధరాత్రి ఫోను మోగుతుంది. తెల్లారేసరికి నాన్న విమానం ఎక్కేస్తాడు. రెండు వారాల తర్వాత గుండుతో తిరిగొస్తాడు. మధ్యలో ఏం జరిగిందో పిల్లలకి తెలియదు. "తాతయ్య ఇప్పుడెక్కడున్నారు?" అని అడుగుతారు. అమ్మ దేవుడి దగ్గరంటుంది, నాయనమ్మ మళ్ళీ పుడతారంటుంది, స్కూల్లో ఇంకేదో విని ఉంటారు. నాన్నకి ఏం చెప్పాలో తెలియక హోంవర్కు అయిందా అంటాడు.

ఈ నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది ఒక ప్రశ్న. అది నిజమా కాదా అన్నది ఇంకో ప్రశ్న. రెండిటినీ కలిపేస్తే వాదన తెగదు. ముందు మొదటిది చూద్దాం. దానికి మన ఊళ్ళోనే మంచి ఆధారం ఒకటుంది.

హోలీ ట్రినిటీ చర్చిలో యమసభ

సిటీ సెంటర్లో పాత కేథడ్రల్ శిథిలాల పక్కనే హోలీ ట్రినిటీ చర్చి ఉంది. షాపింగుకి వెళుతూ దాని ముందునుంచి మనం ఎన్నోసార్లు నడిచి ఉంటాం. ఒకసారి లోపలికి వెళ్ళి తల పైకెత్తి చూడండి. కమాను మీద పెద్ద చిత్రం ఉంటుంది. దాన్ని 'డూమ్' అంటారు, అంటే అంతిమ తీర్పు. 1430 ప్రాంతంలో వేసింది. మతసంస్కరణ రోజుల్లో దానిమీద సున్నం కొట్టేశారు. 1831లో మళ్ళీ బయటపడింది. అప్పుడు డేవిడ్ గీ అనే చిత్రకారుడు బాగుచేసి వార్నిష్ పూస్తే, పోనుపోను ఆ వార్నిషే నల్లబడి బొమ్మని మింగేసింది. శుభ్రం చేయించాక 2004లో జనానికి మళ్ళీ కనపడింది.

బొమ్మ మధ్యలో క్రీస్తు కూర్చుని ఉంటాడు. కింద సమాధుల్లోంచి మనుషులు లేస్తుంటారు. ఆయనకి ఒకవైపు పుణ్యాత్ములు, రెండోవైపు నోరు తెరుచుకున్న నరకం. నరకం వైపు పోయేవాళ్ళలో బీరు అమ్మే ఆడవాళ్ళు కూడా ఉన్నారు, చేతుల్లో ముంతలతో సహా. ఆ రోజుల్లో కొలతలో మోసం, కల్తీ అంటే జనానికి ముందు వాళ్ళే గుర్తొచ్చేవారు. చదువురాని వాళ్ళకి కూడా అర్థమయ్యే పాఠం అది: ఇక్కడ ఎవరూ పట్టుకోకపోయినా అక్కడ లెక్క ఉంటుంది.

మనకిది కొత్తేం కాదు. యముడు, చిత్రగుప్తుడు, ఆయన చిట్టా మనకీ ఉన్నాయి. విశాఖదత్తుడి ముద్రారాక్షస నాటకంలో ఒక గూఢచారి యమపటం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాడు. యమలోకం బొమ్మలు చూపించి పొట్టపోసుకునేవాళ్ళు ఆ రోజుల్లో ఉండేవారని దాన్నిబట్టి తెలుస్తుంది. తెలుగువాళ్ళం మనం ఇంకో అడుగు ముందుకేసి యముణ్ణి నవ్వులాటలోకి దింపాం. 1960లో దేవాంతకుడు, 1977లో యమగోల, 1988లో యముడికి మొగుడు, 1994లో యమలీల, 2007లో యమదొంగ. ఈ సినిమాలన్నిటిలోనూ హాస్యం ఎక్కువే. యమగోల, యముడికి మొగుడు లాంటివి చూడండి, చిత్రగుప్తుడి లెక్కలోనే తప్పు దొర్లుతుంది, లేదా యముణ్ణే నిలదీస్తారు. పై కోర్టులో కూడా న్యాయం జరగదేమో అన్న అనుమానం మనవాళ్ళకి ఎప్పుడూ ఉందన్నమాట.

రెండు అవసరాలు, రెండు పరలోకాలు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పరలోకం మీద నమ్మకం ఒక్కటి కాదు. కనీసం రెండు నమ్మకాలు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉన్నాయి. రెండూ రెండు వేరు వేరు అవసరాలలోంచి వచ్చాయి. ఒకటి అనుబంధం, రెండోది న్యాయం.

అనుబంధంలోంచి వచ్చింది పాతది. తెలంగాణలో, రాయలసీమలో పొలాల మధ్య పెద్ద పెద్ద రాతిపలకలతో కట్టిన పూర్వకాలపు సమాధులు కనిపిస్తాయి. జనం వాటిని రాక్షసగుళ్ళు అంటారు. ఇనుపయుగం నాటివి. తవ్వితే ఎముకలతో పాటు కుండలు, ఇనుప పనిముట్లు, పూసలు దొరుకుతాయి. వాళ్ళు ఏమనుకునేవారో రాసిపెట్టలేదు కాబట్టి మనం ఊహించుకోవలసిందే. కానీ పోయినవాడి పక్కన కుండ పెట్టే మనిషి వాడితో సంబంధం తెగిపోయిందని అనుకోవడం లేదని మాత్రం చెప్పొచ్చు.

ఋగ్వేదం పదో మండలంలో యముడు మొట్టమొదట మరణించినవాడు, మిగతావాళ్ళకి దారి కనిపెట్టినవాడు. పోయినవాళ్ళు ఆ దారిన వెళ్ళి పితృదేవతలతో కలుస్తారు. అక్కడ కొరడాలు, సలసల కాగే నూనె కనిపించవు. అది బంధువులు కలుసుకునే చోటు. తర్వాత వచ్చిన బ్రాహ్మణ గ్రంథాలలో అక్కడ కూడా మళ్ళీ చనిపోతారేమో అన్న భయం కనిపిస్తుంది. ఉపనిషత్తులకి వచ్చేసరికి కర్మను బట్టి మళ్ళీ పుట్టడం అనే ఆలోచన స్పష్టంగా వస్తుంది. బృహదారణ్యకంలో ప్రవాహణ జైవలి అనే రాజు ఈ విద్య చెబుతూ, ఇంతకుముందు ఇది ఏ బ్రాహ్మణుడి దగ్గరా లేదని అంటాడు. అంటే ఇది తర్వాత వచ్చి చేరిన ఆలోచన అని ఆ గ్రంథమే ఒప్పుకుంటోంది. లెక్క, ఫలితం, శిక్ష ఇక్కణ్ణుంచి బలపడ్డాయి. ఇది న్యాయం అనే అవసరం.

యూదుల చరిత్రలోనూ ఇలాగే జరిగింది. పాత హీబ్రూ గ్రంథాలలో చనిపోయినవాళ్ళంతా, మంచివాళ్ళూ చెడ్డవాళ్ళూ, షియోల్ అనే చీకటి చోటుకి వెళతారు. మంచివాళ్ళు వేరుగా, చెడ్డవాళ్ళు వేరుగా లేచి ఫలితం పొందుతారన్న మాట స్పష్టంగా వచ్చేది దానియేలు గ్రంథంలో. అది క్రీస్తుపూర్వం 165 ప్రాంతంలో, తమ మతం వదలనందుకు యూదులని చంపుతున్న రోజుల్లో రూపుదిద్దుకుందని పండితులు చెబుతారు. ధర్మం తప్పనివాడే ముందు చచ్చిపోతుంటే, లెక్క ఎక్కడో ఒకచోట సరిపోవాలి కదా అని మనసు అడుగుతుంది.

ఈ రెండు నమ్మకాలూ ఒకే ఇంట్లో కాపురం పెట్టాయి, అందుకే పొంతన కుదరదు. మన తద్దినమే చూడండి. తండ్రి, తాత, ముత్తాత, ముగ్గురి పేర్లూ గోత్రంతో చెప్పి పిండం పెడతాం. వాళ్ళు కర్మను బట్టి ఇదివరకే ఎక్కడో పుట్టేసి ఉంటే ఆ పిండం ఎవరికి చేరుతుంది? మధ్యయుగపు క్రైస్తవానికీ ఇదే చిక్కు. చనిపోగానే ఆత్మకి తీర్పు జరిగిపోతే, చివరిరోజున సమాధుల్లోంచి లేపి మళ్ళీ తీర్పెందుకు? హోలీ ట్రినిటీలో ఆ బొమ్మ వేయించిన తరంవాళ్ళే పోయినవాళ్ళ ఆత్మల కోసం డబ్బిచ్చి పూజలు చేయించేవారు. 1547లో ఇంగ్లండు పార్లమెంటు ఆ పూజల కోసం రాసిచ్చిన ఆస్తులని రాజుకి స్వాధీనం చేసింది. బతికున్నవాళ్ళు పెట్టేది పోయినవాళ్ళకి అందదని సంస్కర్తలు వాదించారు.

ఈ వాదన మన రామాయణంలోనే ఉంది. అయోధ్యాకాండలో జాబాలి రాముడితో ఇదే అంటాడు. చచ్చినవాడు తింటాడా? ఇక్కడ ఒకరు తింటే ఇంకొకరి కడుపు నిండేట్టయితే, ప్రయాణం పోయేవాడికి కూడా ఇంట్లోనే శ్రాద్ధం పెట్టేయొచ్చు, దారిబత్తెం కట్టివ్వడం ఎందుకు? రాముడు మండిపడ్డాడు. అయినా వాల్మీకి ఆ మాట తీసెయ్యలేదు.

పిల్లల మనసు ఏం చెబుతుంది?

2004లో జెస్సీ బెరింగ్, డేవిడ్ బ్యోర్క్‌లండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో పిల్లలకి ఒక బొమ్మలాట చూపించారు. చిట్టెలుకని మొసలి తినేస్తుంది. తర్వాత పిల్లల్ని అడిగారు: చిట్టెలుకకి ఇప్పుడు ఆకలేస్తుందా? మంచినీళ్ళు కావాలా? అక్కర్లేదన్నారు చాలామంది. మరి వాళ్ళమ్మ మీద దానికి ఇంకా ప్రేమ ఉందా? ఉంది అన్నారు. శరీరం ఆగిపోయిందని చిన్నపిల్లలకీ తెలుసు. ప్రేమ ఆగిపోవడం మాత్రం ఊహకి అందదు.

మడగాస్కర్‌లో వెజో అనే జాలరి ప్రజల దగ్గర రీటా అస్తుతి, పాల్ హారిస్ చేసిన పరిశోధన 2008లో వచ్చింది. ఆసుపత్రిలో చనిపోయిన మనిషి కథ చెప్పి అడిగితే, అన్నీ ఆగిపోతాయని ఎక్కువగా అన్నారు. అదే చనిపోయినవాడి సమాధి, కుటుంబం చేసే కర్మల కథ చెప్పి అడిగితే, ఏదో మిగులుతుందన్నవాళ్ళు పెరిగారు. అడిగింది ఒకే రకం ప్రశ్నలు. మనలో కూడా డాక్టరుగారు ఆసుపత్రిలో ఒకలా, తద్దినం రోజున ఇంకోలా మాట్లాడటం మనం చూస్తూనే ఉంటాం. అది దొంగతనం కాదు, మనిషి మనసు అలా రెండు గదులుగా ఉంటుంది.

పుట్టుక తెలిస్తే అబద్ధమని తేలినట్టేనా?

ఇక్కడ చాలామంది ఒక గెంతు గెంతుతారు. నమ్మకం దుఃఖంలోంచి పుట్టింది కాబట్టి అబద్ధం అంటారు. ఇది సరైన తర్కం కాదు. దాహం వేసింది కాబట్టి నీళ్ళు లేవని అనలేం కదా. అలాగని దాహం వేసింది కాబట్టి ఎదురుగా కనపడేది చెరువే, ఎండమావి కాదు అని కూడా అనలేం. వెళ్ళి చూడాలి. అలా చూడబోయినవాళ్ళు ఉన్నారు.

బౌద్ధుల దీఘనికాయంలో పాయాసి అనే పాలకుడి కథ ఉంది. పరలోకం లేదని అతని వాదం. చనిపోబోతున్న బంధువులతో, అక్కడికి వెళ్ళాక వచ్చి చెప్పండి అన్నాడు. ఎవరూ రాలేదు. ఒక దొంగని బతికుండగానే జాడీలో పెట్టి మూత బిగించి చంపించాడు. మూత తీసి చూస్తే జీవుడు పోవడం కనపడలేదు. ఇంకొకణ్ణి చావుకి ముందూ తర్వాతా తూకం వేయించాడు, బరువు తగ్గలేదు. కుమార కస్సపుడనే భిక్షువు ప్రతిదానికీ జవాబు చెబుతాడు. పెంటగుంటలోంచి బయటపడి స్నానం చేసినవాడు మళ్ళీ అందులోకి దూకుతాడా అంటాడు. మాటకారి జవాబే గానీ, నిరూపణ కాదు.

ఆ తూకం ఆలోచన 1907లో అమెరికాలో మళ్ళీ వచ్చింది. డంకన్ మెక్‌డూగల్ అనే డాక్టరు ఆరుగురు రోగులని మంచంతో సహా తూచాడు. ఆత్మ బరువు 21 గ్రాములు అని ఇప్పటికీ చెప్పుకునే మాట అక్కణ్ణుంచి వచ్చిందే. ఆ అంకె ఆరుగురిలో ఒక్కరికి వచ్చింది. మిగతావి పొంతన లేనివి. కొలత నిలవలేదు.

పునర్జన్మ సంగతి. వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఇయాన్ స్టీవెన్సన్ దశాబ్దాల పాటు, 2007లో చనిపోయేదాకా, పూర్వజన్మ గుర్తుందని చెప్పే పిల్లల కేసులు వేలల్లో పోగుచేశాడు. వాటిలో చాలా మనదేశంవి. ఆయన శ్రద్ధని ఎవరూ కాదనలేరు. కానీ చాలా కేసుల్లో ఆయన వెళ్ళేసరికే రెండు కుటుంబాలు కలుసుకుని మాట్లాడేసుకున్నాయి. ఏది బిడ్డ అన్న మాట, ఏది పెద్దవాళ్ళు తర్వాత కలిపిన మాట అన్నది విడదీయడం కష్టం. పునర్జన్మ నమ్మే చోట్లే కేసులు ఎక్కువ దొరకడం ఇంకో చిక్కు.

చివరగా గుండె ఆగి మళ్ళీ కొట్టుకున్నవాళ్ళ అనుభవాలు. శామ్ పార్నియా నాయకత్వంలో ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రియా ఆసుపత్రులలో జరిగిన అధ్యయనం 2014లో ప్రచురితమైంది. గుండె ఆగిన 2,060 సంఘటనలు నమోదయ్యాయి. బతికినవాళ్ళలో 140 మందితో మాట్లాడగలిగారు, వారిలో 101 మందితో వివరంగా. నిజంగానే పైకి తేలితే కనపడేలా ఎత్తున అరల మీద బొమ్మలు పెట్టారు. కానీ ఎక్కువ సంఘటనలు ఆ అరలు లేని గదుల్లో జరిగాయి. అరల మీది బొమ్మని చూసి చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. ఒకాయన మాత్రం తనని బతికిస్తున్నప్పుడు గదిలో జరిగినవి సరిగ్గా చెప్పగలిగాడు. మెదడు చివరి క్షణాల గురించి మనకి తెలియనిది చాలా ఉందని ఇది చూపిస్తుంది. పరలోకం ఉందని చూపించదు.

కాబట్టి నా మట్టుకు నాకు తేలింది ఇది: ఉందనడానికి నిలిచే రుజువు ఇంతవరకు లేదు. కఠోపనిషత్తులో నచికేతుడు ఇదే ప్రశ్న అడిగితే, దేవతలకే ఇందులో సందేహం, ఇంకో వరం కోరుకో అని యముడంతటివాడు మొదట తప్పించుకోచూశాడు. సందేహించేవాళ్ళని పాషండులని తిట్టే ముందు ఆ మాట గుర్తుచేసుకోవాలి.

ఫోల్స్‌హిల్‌లో ఒక ఇంటి గొడవ

పిల్లలు పెద్దయ్యాక "నేను నమ్మను, పీట మీద కూర్చోను" అంటే? ఆ గొడవ కూడా మన ఊళ్ళో జరిగిందే. 1841లో రాబర్ట్ ఎవాన్స్ అనే పెద్దాయన తన కూతురు మేరీ ఆన్‌తో ఫోల్స్‌హిల్‌లో బర్డ్ గ్రోవ్ అనే ఇంటికి మారాడు. ఇక్కడ రిబ్బన్ల వ్యాపారి చార్లెస్ బ్రే ఇంట్లో స్వేచ్ఛగా ఆలోచించేవాళ్ళు చేరేవారు. ఆ పుస్తకాలు, ఆ మాటలు ఆమె మీద పనిచేశాయి. 1842 జనవరిలో, ఇరవై రెండేళ్ళ వయసులో, ఇక చర్చికి రానని తండ్రితో చెప్పేసింది. తండ్రి ఇల్లు వదిలేస్తానన్నాడు. అన్నలు, అక్కలు మధ్యలోకి వచ్చారు. నెలల తర్వాత రాజీ కుదిరింది. ఆమె చర్చికి వస్తుంది, తన మనసులో ఏమనుకుంటుందో తండ్రి అడగడు. 1849లో ఆయన చనిపోయేదాకా ఆమే సేవ చేసింది. ఆ మధ్యలోనే, 1846లో, క్రీస్తు జీవితాన్ని చరిత్రగా పరిశీలించిన స్ట్రాస్ పుస్తకాన్ని జర్మన్ నుంచి అనువదించింది. ఆమె తర్వాత జార్జ్ ఎలియట్ పేరుతో నవలలు రాసింది.

1873లో కేంబ్రిడ్జిలో ఎఫ్.డబ్ల్యు.హెచ్. మయర్స్‌తో మాట్లాడుతూ, అమరత్వాన్ని తాను నమ్మలేననీ, కర్తవ్యం మాత్రం తప్పించుకోలేనిదనీ ఆమె అన్నట్టు ఆయన రాశాడు. మయర్స్ ఆ జవాబుతో తృప్తిపడలేదు. 1882లో ఆత్మల గురించి శాస్త్రీయంగా పరిశోధించే సంఘం పెట్టినవాళ్ళలో ఆయనొకడు.

మన వైపు గోరాగారు, అంటే గోపరాజు రామచంద్రరావుగారు, నాస్తికుడన్న కారణంగా అధ్యాపక ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో దాన్ని విజయవాడకి మార్చారు. అంటరానితనం మీద పోరాడారు. పరలోకం భయం పోతే నీతి పోతుందనేవాళ్ళకి వీళ్ళిద్దరి జీవితాలూ జవాబు. అలాగే నమ్మేవాళ్ళంతా భయంతోనే మంచిగా ఉంటారనడమూ తప్పే.

మరి ఇంట్లో ఏం చేద్దాం?

నమ్మకం నిజమా కాదా అన్నది ఈ దేశపు కోర్టులు కూడా తేల్చవు. న్యూకాసిల్‌కి చెందిన దావేందర్ ఘాయ్ ఆరుబయట చితి మీద దహనం కావాలని కోర్టుకి వెళ్ళాడు. 2009లో హైకోర్టు కాదంది. 2010లో అప్పీలు కోర్టు, పైకి తెరిచి ఉన్న కట్టడంలో దహనం కూడా చట్టానికి లోబడే ఉండొచ్చంది. ఆత్మ ఉందా అని ఏ జడ్జీ అడగలేదు.

మనం కూడా ఇంట్లో ఆ తీర్పు చెప్పక్కర్లేదు. పిల్లల ప్రశ్న ఏ అవసరంలోంచి వస్తోందో చూస్తే చాలు.

"తాతయ్య ఎక్కడున్నారు?" అన్నది అనుబంధం ప్రశ్న. దానికి నరకం, స్వర్గం, లెక్కలు చెప్పొద్దు. "నిద్రపోయారు" అని అసలు చెప్పొద్దు, ఆ పసివాడికి రాత్రి నిద్రంటే భయం పట్టుకుంటుంది. తాతయ్య శరీరం పనిచేయడం ఆగిపోయింది, ఇక రారు అని ముందు చెప్పాలి. తర్వాత, మనవాళ్ళు చాలామంది ఇలా నమ్ముతారు, నేను ఇలా అనుకుంటున్నాను, పెద్దయ్యాక నువ్వే ఆలోచించుకో అని చెప్పొచ్చు. తద్దినంలో ముగ్గురి పేర్లు చెబుతాం అన్నాను కదా. కొత్తగా పోయినవాళ్ళని పన్నెండోరోజున పితృదేవతలతో కలిపినప్పుడు పైనున్న పేరు ఒకటి జాబితాలోంచి తప్పుకుంటుంది. ఇంచుమించు మన ఇళ్ళలో జ్ఞాపకం ఉండేది కూడా అంతవరకే. మీరు నమ్మినా నమ్మకపోయినా ఆ మూడు పేర్లు, వాళ్ళ ఊళ్ళు, వాళ్ళు చేసిన పనులు పిల్లలకి చెప్పండి. ముత్తాత పేరు రాని పిల్లలు మన ఇళ్ళలో ఎంతమంది ఉన్నారో లెక్కేసుకోండి.

"చెడ్డవాళ్ళకి శిక్ష పడుతుందా?" అన్నది న్యాయం ప్రశ్న. దాన్ని యముడికి వదిలేస్తే పని తప్పించుకున్నట్టే. 1940 నవంబరు 14 రాత్రి ఈ ఊరి మీద బాంబులు పడి ఐదువందల మందికి పైగా పోయారు. వాళ్ళలో చాలామందిని లండన్ రోడ్ శ్మశానంలో సామూహికంగా పూడ్చారు. ఆ బాంబులకి పుణ్యాత్ములెవరో పాపాత్ములెవరో తెలియదు. హోలీ ట్రినిటీ నిలిచింది, పక్కనున్న కేథడ్రల్ కాలిపోయింది. ఆ కేథడ్రల్ పెద్దలు పగ వద్దనుకున్నారు. యుద్ధం అయ్యాక కోవెంట్రీ జర్మనీలోని కీల్, డ్రెస్డెన్ నగరాలతో స్నేహం కట్టుకుంది. అలా కట్టుకున్నవాళ్ళలో చాలామంది పరలోకాన్ని గట్టిగా నమ్మినవాళ్ళే. అయినా ఇక్కడి లెక్క ఇక్కడే సరిచేయడానికి పూనుకున్నారు.

మీ ఇంట్లో నమ్మేవాళ్ళూ నమ్మనివాళ్ళూ ఇద్దరూ ఉంటే, వచ్చే తద్దినానికి ఇద్దరూ కలిసే వంట చెయ్యండి. పీట మీద కూర్చోనన్న కుర్రాణ్ణి బతిమాలొద్దు, తిట్టొద్దు. తాతయ్య గురించి తనకి గుర్తున్నది ఒక్కటి అందరి ముందూ చెప్పమనండి.